ఒడ్డెక్కిన నావ

ఉద్దేశం

నావను నీటిపై నడిపే నేర్పును గురించి చాలామంది చెబుతారు. నావను ఒడ్డుకు చేర్చి, కొన్ని నెలల పాటు చెడిపోకుండా నిలిపే నేర్పును గురించి చెప్పేవారు తక్కువ. గోదావరి డెల్టాలోని కాలువల చరిత్రను, చిన్న తెరచాప పడవను భద్రపరచే విధానాన్ని, ఆ పనిలో దాగిన శాస్త్రీయ కారణాలను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

పడవను నడపడం ఒక విద్య. పడవను నిలపడం మరొక విద్య. తెలుగువారికి ఈ రెండు విద్యలూ చిరకాలంగా పరిచితమైనవే. క్రీస్తుశకం రెండవ శతాబ్దంలో ఆంధ్రదేశాన్ని పాలించిన శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి తన నాణేలపై రెండు తెరచాప కొయ్యలు గల ఓడ బొమ్మను ముద్రింపజేశాడు. రాజు తన నాణెంపై ఓడను నిలిపాడంటే ఆనాటి ప్రజల బ్రతుకులో నావకు ఎంతటి స్థానం ఉన్నదో ఊహించవచ్చు. అయితే ఆ ఓడలు ఏడాది పొడవునా నీటిమీదనే ఉండేవి కావు. గాలి, నీరు అనుకూలించని నెలల్లో నావ విశ్రాంతి తీసుకోక తప్పదు. ఆ విశ్రాంతి కాలంలో దానికి జరిగే సంరక్షణను బట్టే దాని ఆయుర్దాయం నిర్ణయమవుతుంది.

శీతల దేశాలలో ఈ విశ్రాంతి కాలం చలికాలం. క్రీస్తుపూర్వం 700 ప్రాంతంలో జీవించిన గ్రీకు కవి హెసియడ్, రైతు చేయవలసిన పనులను చెప్పిన తన కావ్యంలో నావికునికి కూడా కొన్ని హితవులు చెప్పాడు. చలిగాలులు మొదలుకాగానే నావను ఒడ్డుకు లాగి, చుట్టూ రాళ్లు పేర్చి నిలబెట్టమన్నాడు. లోపల వాననీరు నిలిచి కొయ్య కుళ్లకుండా, అడుగున ఉన్న బిరడాను తీసివేయమన్నాడు. తెరచాపను, తాళ్లను ఇంట్లో దాచుకొని, చుక్కానిని పొయ్యి పొగ తగిలేచోట వేలాడదీయమన్నాడు. ఇరవై ఏడు శతాబ్దాలు గడచినా ఆ సూచనలలో పనికిరానిది ఒక్కటి కూడా లేదు. ఐరోపా, ఉత్తర అమెరికా ఖండాలలో నేటికీ శరదృతువు ముగిసేలోగా చిన్న పడవలను ఒడ్డుకు ఎక్కిస్తారు. అక్కడ ప్రధాన శత్రువు మంచు. నీరు గడ్డకట్టినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. పలకల సందులలోను, గొట్టాలలోను నిలిచిన నీరు ఆ విధంగా వ్యాకోచించి పడవను చీల్చివేస్తుంది. కనుక పడవలో ఒక్క చుక్క నీరైనా మిగలకుండా తీసివేయడం అక్కడి మొదటి నియమం.

గోదావరి డెల్టాలో నీరు గడ్డకట్టదు. కాని ఇక్కడ నావకు వేరే శత్రువులున్నారు. వేసవి ఎండ, వరద, తుఫాను, కొయ్యను తొలిచే పురుగు అనే నాలుగింటినుంచి నావను కాపాడుకోవాలి. రామచంద్రపురం పరిసరాలను పరిశీలిస్తే ఈ విషయం స్పష్టమవుతుంది. ఈ పట్టణం సముద్రతీరంలో లేదు. నది ఒడ్డునా లేదు. కాని గోదావరి తూర్పు డెల్టా కాలువలు దీని పరిసరాలను తడుపుతున్నాయి. ద్రాక్షారామం మీదుగా దక్షిణంగా వెళితే కోటిపల్లి వద్ద గౌతమీ నది కనిపిస్తుంది. కోటిపల్లి రేవు నుంచి ఆవలి ఒడ్డున ఉన్న ముక్తేశ్వరానికి జనం పడవలపైన, పంటుపైన దాటడం తరతరాల అలవాటు. నదివెంట ఇంకా దిగువకు పోతే యానాం, ఆపైన కోరంగి, సముద్రం వస్తాయి. ఈ విధంగా కాలువ పడవ, నది పడవ, సముద్రపు నావ మూడూ ఒకే ప్రాంతంలో కలుస్తాయి.

ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో ప్రారంభమైన ఆనకట్ట 1852లో పూర్తయింది. కాటన్ కాలువలను పంటల కొరకు మాత్రమే కాక ప్రయాణాల కొరకు కూడా ఉద్దేశించాడు. నీటిమట్టంలో తేడా ఉన్నచోట లాకులు కట్టించడం వలన పడవలు మెట్టుమెట్టుగా దిగుతూ, ఎక్కుతూ సాగిపోయేవి. ధాన్యం, కొబ్బరికాయలు, కలప, కుండలు అన్నీ కాలువలపైనే ప్రయాణించేవి. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. లేకుంటే గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. రాదారి పడవలలో జనం రాత్రంతా ప్రయాణించి తెల్లవారేసరికి ఊరు చేరేవారు. రోడ్లు, మోటారు వాహనాలు పెరిగిన కొద్దీ ఈ రాకపోకలు తగ్గిపోయాయి. 2008లో కాకినాడ – పుదుచ్చేరి మార్గాన్ని నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించినప్పుడు పాత కాలువల ప్రాధాన్యం మరల చర్చకు వచ్చింది.

ఈ కాలువలకు ఏటా ఒక సెలవు ఉన్నది. రబీ పంట చేతికి వచ్చిన తరువాత వేసవిలో కాలువలు కట్టివేస్తారు. పూడిక తీయడం, గట్లు బలపరచడం, లాకుల తలుపులు బాగుచేయడం ఆ రోజులలోనే జరుగుతాయి. ఖరీఫ్ కొరకు జూన్ నెలలో మరల నీరు విడుస్తారు. నీరులేని కాలువలో పడవకు పని ఉండదు. కనుక పడవ యజమాని కూడా ఆ సెలవునే తన మరమ్మతుల కాలంగా చేసుకునేవాడు. కాలువకూ పడవకూ ఒకేసారి వైద్యం జరిగేదన్నమాట.

సముద్రంపై తిరిగే నావలకు మరొక గడువు ఉండేది. ఈశాన్య ఋతుపవనాల కాలంలో, అనగా అక్టోబరు నడుమ నుంచి డిసెంబరు నడుమ వరకు, కోరమండల్ తీరంలో నిలిచి ఉండడం ప్రమాదమని పూర్వకాలపు నావికులు భావించేవారు. అటువంటి కాలంలో నదీముఖంలోని ప్రశాంతమైన నీటిలో తలదాచుకొనడానికి కోరంగి అనువైన రేవు. అక్కడ ఓడలను నిర్మించేవారు, బాగుచేసేవారు. కాని ప్రకృతి ఆ రేవును కూడా విడువలేదు. 1839 నవంబరులో వచ్చిన పెనుతుఫానులో ఉప్పెన ముంచెత్తి కోరంగిని ధ్వంసం చేసింది. నావను ఒడ్డున నిలిపితే చాలదు; ఏ ఒడ్డున, ఎంత ఎత్తున నిలిపామన్నది ముఖ్యమని ఆ విషాదం నేర్పిన పాఠం.

ఇక నావను భద్రపరచే విధానాన్ని క్రమంగా తెలుసుకుందాం. మొదటి పని స్థల నిర్ణయం. నది ఒడ్డున అయితే వరద అందని మెరక ఉండాలి. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరదలో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు ప్రవహించింది. ఆనాటి నీటి జాడలను గ్రామాలలోని పెద్దలు నేటికీ చూపగలరు. అటువంటి జాడలే స్థల నిర్ణయానికి కొలబద్దలు. సముద్రతీరంలో అయితే ఉప్పెన చేరని దూరం చూసుకోవాలి. నీడ ఉండాలి, కాని కాయలు, ఎండిన మట్టలు రాలిపడే కొబ్బరిచెట్టు క్రింద ఉంచరాదు.

రెండవ పని బరువు తగ్గించడం. తెరచాప, దానిని మోసే అడ్డకొయ్య, చుక్కాని, తెడ్లు, గడలు, లంగరు, తాళ్లు అన్నింటినీ ముందుగా దింపాలి. తెరచాప కొయ్యను కూడా ఊడదీసి పక్కన పరుండబెట్టాలి. నిలబెట్టి ఉంచితే గాలికి ఊగి పడవను పడదోస్తుంది. తరువాత గుండ్రని తాటి దుంగలను నేలపై వరుసగా పరచి, పదిమంది కలిసి, ఒకే కేకతో పడవను వాటిపై దొర్లిస్తూ పైకి లాగుతారు. ఒకరు తొందరపడి ఒక పక్కనే లాగితే పడవ అడుగుభాగం మెలితిరుగుతుంది. అందువలన కేక వేసే మనిషి మాటను అందరూ పాటించడం అత్యవసరం.

మూడవ పని ఆనించడం. నీటిలో ఉన్నప్పుడు పడవ బరువును నీరు అన్ని వైపులా సమానంగా మోస్తుంది. నేలపైకి రాగానే ఆ బరువంతా ఆనిన ఒకటి రెండు చోట్లనే పడుతుంది. దానిని అలాగే వదిలివేస్తే రెండు నెలలు గడిచేసరికి పడవ ఆకారమే మారిపోతుంది. కనుక వెన్నెముక వంటి అడుగు దూలం క్రింద మూడు నాలుగు చోట్ల కొయ్య దిమ్మెలు పెట్టి, ఇరువైపులా ఊతకర్రలు ఇవ్వాలి. ముందు భాగం కొంచెం ఎత్తుగా ఉంచితే లోపల పడిన వాన నీరు వెనుకకు జారి, బిరడా తీసిన రంధ్రం గుండా బయటకు పోతుంది.

నాల్గవ పని శుభ్రపరచడం. అడుగున పట్టిన నాచును, గుల్లలను తడి ఆరకముందే గీకివేయాలి. ఎండిన తరువాత అవి రాయివలె గట్టిపడి, వాటితోపాటు కొయ్య పెచ్చులు కూడా ఊడివస్తాయి. ఉప్పునీటిలో తిరిగిన పడవను మంచినీటితో కడగాలి. ఉప్పు గాలిలోని తేమను లాగుతూ ఇనుప మేకులను తుప్పు పట్టిస్తుంది. అయితే కడిగిన నీరు లోపల నిలువరాదు. ఉప్పునీటికన్న మంచినీరే కొయ్యను త్వరగా కుళ్లబెడుతుంది. కొయ్యను తినే శిలీంధ్రం పెరగడానికి తేమ, గాలి రెండూ కావాలి. పూర్తిగా నీట మునిగిన కొయ్యకు గాలి అందదు. పూర్తిగా ఆరిన కొయ్యకు తేమ అందదు. ఈ రెండింటి నడుమ ఉన్న కొయ్యయే కుళ్లుతుంది.

ఐదవ పని పరీక్ష. సముద్రపు నావలకు టెరిడో అనే ప్రాణి పెద్ద గండం. చూడడానికి పురుగువలె ఉన్నా అది ఆల్చిప్పల జాతికి చెందినది. పిల్లగా ఉన్నప్పుడు సూదిమొన వంటి రంధ్రంతో కొయ్యలో ప్రవేశించి, లోపలనే పెరుగుతూ దానిని తొలిచివేస్తుంది. బయటికి పలక నిండుగానే కనిపిస్తుంది. అనుభవజ్ఞుడైన వడ్రంగి సుత్తి పిడితో పలకను తట్టి, శబ్దాన్ని బట్టి లోపలి గుల్లదనాన్ని కనిపెడతాడు. ఆ ప్రాణి మంచినీటిలో ఎక్కువ కాలం బ్రతకలేదు. నది ఎగువకు పోయి వచ్చే నావలకు ఈ బాధ తక్కువగా ఉండడానికి కారణమిదే. ఎండుటాకుల సన్నని మంటతో పడవ అడుగును కాచి పురుగును చంపే పద్ధతి కూడా పూర్వం అనేక తీరాలలో ఉండేది.

ఆరవది సందులు పూడ్చడం. పలకకూ పలకకూ మధ్య ఉన్న పాత నారను తీసివేసి, నూనెలో తడిపిన కొత్త నారను ఉలితో కూరతారు. దానిపై గుగ్గిలం పొడిని నూనెతో మరిగించి పూస్తారు. ఈ పనిలో ఒక మెలకువ ఉన్నది. కొయ్య ఎండినప్పుడు కుంచించుకొని, తడిసినప్పుడు ఉబ్బుతుంది. ఎండిన పలకల సందు వెడల్పుగా కనిపిస్తున్నదని నారను అతిగా దట్టిస్తే, నీటిలో దిగి ఉబ్బిన పలకలకు చోటు చాలక మేకులు వదులవుతాయి. కనుక నార కూరేవాడు కంటికి కనిపించే సందునే కాక, రాబోయే ఉబ్బును కూడా లెక్కలోకి తీసుకోవాలి. అటుపైన పడవ అంతటికీ నూనె పూత పూస్తారు. అడుగుభాగానికి సున్నం, నూనె కలిపిన పూత పూర్వం మన దేశ తీరాలలో వాడుకలో ఉండేది. తరువాత తారు వచ్చింది.

ఏడవది కప్పు. వేసవి ఎండకు పలకలు నెర్రెలు విచ్చకుండా తాటాకుల పందిరి వేయాలి. పందిరికీ పడవకూ నడుమ గాలి ఆడాలి. గాలి ఆడని గుడ్డను బిగించి కప్పితే లోపలి తేమ బయటకు పోలేక బూజు పడుతుంది. ఎండావానలు రెండింటినీ ఆపుతూ గాలిని మాత్రం రానివ్వడమే మంచి కప్పు లక్షణం.

తెరచాపకు వేరే శ్రద్ధ కావాలి. ఉప్పు పోయేటట్లు మంచినీటిలో ఉతికి, నీరెండలో ఆరవేసి, చిరుగులు కుట్టాలి. పూర్వం నూలు తెరచాపలను, వలలను వగరు గల చెట్టు బెరడు కషాయంలో ముంచి తీసేవారు. ఆ వగరు బూజును అడ్డుకునేది. ప్రతిసారీ ఒకే మడతపై మడిస్తే ఆ గీత వెంబడి గుడ్డ చిరుగుతుంది. అందువలన వదులుగా చుట్టి, ఎలుకలకు అందకుండా ఇంటి దూలానికి వేలాడదీయడం మేలు. తాళ్లను కూడా పురి విప్పి చూసి, లోపల నలిగినవాటిని తొలగించాలి. తాడు పైకి బాగున్నంత మాత్రాన నమ్మరాదు. గాలివానలో మనిషి ప్రాణం ఆ తాడుపైనే ఆధారపడి ఉంటుంది.

విశ్రాంతి ముగిసిన తరువాత నావను ఒక్కసారిగా నీటిలోకి తోయరాదు. నాలుగైదు రోజులు ముందుగా తడి గోనెలు కప్పి, నీరు చల్లుతూ పలకలను మెల్లగా ఉబ్బనివ్వాలి. బిరడా బిగించిన తరువాతనే నీటిలో దింపాలి. మొదటి రోజు కొంత నీరు ఊరడం సహజం. పలకలు ఉబ్బి సందులు మూసుకునే వరకు ఒడ్డుననే కట్టి ఉంచి, నీరు తోడుతూ ఉండాలి. ఆ ఓపిక లేనివాడు ఇన్ని వారాల శ్రమను ఒక్క పూటలో పోగొట్టుకుంటాడు.

నేడు చాలాచోట్ల కొయ్య నావల స్థానంలో ఫైబరు పడవలు, తెరచాప స్థానంలో ఇంజన్లు వచ్చాయి. ఫైబరుకు పురుగు పట్టదు. కాని ఎండకు పైపూత పెళుసెక్కుతుంది. ఇంజనును మంచినీటితో కడిగి, మిగిలిన ఇంధనం తీసి భద్రపరచాలి. విశ్రాంతి కాలం కూడా చట్టబద్ధమైనది. చేపల సంతతి వృద్ధి కొరకు 2015 నుంచి తూర్పు తీరంలో ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటను నిషేధిస్తున్నారు. మత్స్యకార కుటుంబాలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే వేట విరామ భృతి 2025లో 20,000 రూపాయలకు పెరిగింది. వేట లేని ఆ రెండు నెలలలో కుటుంబ పోషణ, పడవ మరమ్మతు రెండూ జరగాలి. మరమ్మతును వాయిదా వేస్తే ఆ రోజుకు ఖర్చు మిగిలినట్లే ఉంటుంది. కాని దాని ఫలితం నడిసముద్రంలో బయటపడుతుంది. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుఫాను వెయ్యిమందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. వేటకు వెళ్లి తిరిగిరాని మత్స్యకారులు వారిలో ఎందరో ఉన్నారు. అంతటి గాలికి ఏ పడవా ఎదురు నిలువలేకపోవచ్చు. కాని హెచ్చరిక అందిన వెంటనే ఒడ్డుకు చేర్చగలిగేది మంచి స్థితిలో ఉన్న పడవ మాత్రమే.

నావ కొందరికి వినోదం; గోదావరి తీరవాసులకు అది జీవనాధారం. నదీతీరంలో దిమ్మెలపై నిలిచిన నావను చూసి పని లేక పడి ఉన్నదని అనుకోరాదు. రాబోయే ప్రయాణంలో ఎక్కబోయేవారి క్షేమం ఆ రోజులలోనే, ఆ ఒడ్డుననే తయారవుతున్నది.

కఠిన పదాలు – అర్థాలు

ఆయుర్దాయం : జీవితకాలం
బిరడా : రంధ్రాన్ని మూసే మూత
చుక్కాని : పడవను మలుపు త్రిప్పే సాధనం
రేవు : పడవలు ఆగే చోటు
పంటు : మనుషులను, వాహనాలను నది దాటించే బల్లకట్టు వంటి పడవ
లాకు : నీటిమట్టాన్ని పెంచి, తగ్గించి పడవలను దాటించే తలుపుల కట్టడం
మెరక : ఎత్తైన నేల
గుగ్గిలం : చెట్టునుంచి లభించే ఒక రకమైన జిగురు
నీరెండ : తీవ్రత లేని ఎండ
ఉప్పెన : తుఫాను వలన సముద్రపు నీరు నేలపైకి పొంగుకురావడం

అభ్యాసం

అ) క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. చిన్న నావను ఒడ్డున భద్రపరచే విధానాన్ని క్రమంగా వివరించండి.
2. శీతల దేశాలలోను, గోదావరి డెల్టాలోను నావకు కలిగే ముప్పులను పోల్చి వ్రాయండి.

ఆ) క్రింది ప్రశ్నలకు సంక్షిప్త సమాధానాలు వ్రాయండి.
1. హెసియడ్ నావికులకు చెప్పిన హితవులేవి?
2. కాలువల కట్టివేతకూ పడవల మరమ్మతుకూ గల సంబంధమేమి?
3. సందులలో నారను అతిగా దట్టించరాదనడానికి కారణమేమి?

ఇ) ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. ఓడ బొమ్మ గల నాణేలను ముద్రింపజేసిన శాతవాహన రాజు ఎవరు?
2. ధవళేశ్వరం ఆనకట్ట ఏ సంవత్సరంలో పూర్తయింది?
3. టెరిడో ఏ జాతికి చెందిన ప్రాణి?

ఈ) సందర్భ సహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. “కాలువకూ పడవకూ ఒకేసారి వైద్యం జరిగేదన్నమాట.”
2. “తాడు పైకి బాగున్నంత మాత్రాన నమ్మరాదు.”

ఉ) సంధులు
ఒడ్డెక్కిన = ఒడ్డు + ఎక్కిన – ఉత్వసంధి
నీరెండ = నీరు + ఎండ – ఉత్వసంధి
జీవనాధారం = జీవన + ఆధారం – సవర్ణదీర్ఘసంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశసంధి

ఊ) సమాసాలు
ఎండావానలు : ఎండయును, వానయును – ద్వంద్వ సమాసం
నదీతీరం : నది యొక్క తీరం – షష్ఠీ తత్పురుష సమాసం
రెండు నెలలు : రెండు సంఖ్య గల నెలలు – ద్విగు సమాసం